అక్క రాయని జవాబు

వెల్దుర్తి,
6 సెప్టెంబర్ 2024

అక్కకి,

నిన్న ఫోన్లో నువ్వు "ఒరేయ్, పొద్దాకా ఫోన్ చేసి చంపమాక. అంతగా ఉంటే ఉత్తరం రాయి" అన్నావు. అందుకని రాస్తున్నాను. పోస్టాఫీసులో కవరు అడిగితే పోస్టుమాస్టరు నన్ను ఎగాదిగా చూసి "ఎవరికన్నా నోటీసా?" అన్నాడు. మా అక్కకి అన్నాను. ఆయనకు నమ్మకం కుదిరినట్టు లేదు.

నేను అడగాలనుకున్నది ఇది. పోయిన ఆదివారం నువ్వు వెళ్ళేటప్పుడు పచ్చిమిరపకాయలు పోసి ఇచ్చిన సంచి ఇంట్లోదేనా, దుకాణంలోదా? దుకాణంలోదయితే అందులో ఎప్పుడైనా పురుగుమందు సీసా పెట్టి ఉండొచ్చు. నువ్వు ఆ కాయలు కడిగావా? ఇంట్లోదేనని దీప అంటోంది. ఇచ్చింది నేనే కాబట్టి నాకూ తెలిసుండాలి. కానీ గుర్తు తెచ్చుకునే కొద్దీ సంచి రంగు మారిపోతోంది.

చేతులు బాగాలేవు. గోళ్ళ పక్కన తోలు లేస్తోంది, లేచిన చోటల్లా పీకుతున్నాను. నాన్న చూసి "ఇన్నేళ్ళుగా పురుగుమందులు అమ్ముతున్నా, నాకు తెలవదా? అది నీ ఒంటికెక్కింది" అని రోజూ కొబ్బరినీళ్ళు తాగిస్తున్నాడు. నాకూ అలాగే అనిపిస్తుంది. లోపలికి ఇంకినదాన్ని బయటికి తీసేయాలని పీకుతాను. నెత్తురు కనబడ్డాక కాసేపు హాయిగా ఉంటుంది. తర్వాత ఆ చేత్తో ఏమేం ముట్టుకున్నానా అని మళ్ళీ మొదలవుతుంది.

రోహిణిని ఎత్తుకోవడం మానేశాను. నేను గుమ్మంలో కనబడగానే నా కూతురు కాళ్ళు తెగ ఆడిస్తుంది. నేను గుమ్మం దగ్గరే నిలబడి చిటికెలు వేస్తాను. దీప పిల్లను తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోతుంది.

సంచి సంగతి మాత్రం రాయి.

నీ తమ్ముడు,
రవిచంద్ర

(ఇది నాలుగోసారి రాసిన ప్రతి. మొదటి వాటిలో తప్పులున్నాయి.)


నరసరావుపేట,
11 సెప్టెంబర్ 2024

ఒరేయ్ రవీ,

విసుగులో నోరుజారిన మాట పట్టుకుని నిజంగానే ఉత్తరం రాశావు! మీ బావగారు స్టీలు సామాన్ల కొట్లో కూర్చుని ఆ కవరును అటు తిప్పి ఇటు తిప్పి "మీ తమ్ముడి ఫోను పోయిందా ఏంది?" అన్నారు. నా పేరు మీద ఇంతవరకూ కరెంటు బిల్లు తప్ప ఏదీ రాలేదు. అందుకని నాకు ముచ్చటగానే ఉంది, కోప్పడాలనుకున్నవన్నీ మర్చిపోయాను.

సంచి ఇంట్లోదే. నీలం గళ్ళది, అమ్మ కుట్టింది. కాయలు ఉప్పునీళ్ళలో కడిగి బజ్జీలు వేశాను. అందరం తిన్నాం, అందరం నిక్షేపంగా ఉన్నాం. సరేనా? ఇంక వదిలెయ్యి.

చేతుల విషయంలో నాన్న చెప్పేది నాకూ నిజమే అనిపిస్తోంది. పురుగుమందులు పట్టుకుంటే తోలు లేవకుండా ఉంటుందా? మాచర్ల వైపు వచ్చే మన కృష్ణయ్యతో ఒక ఆయింట్‌మెంటు, రబ్బరు గ్లౌజులు పంపుతున్నాను. కొట్లో ఉన్నంతసేపూ వేసుకో.

నువ్వు మొదటినుంచీ జాగ్రత్త మనిషివి. చిన్నప్పుడు కూడా తాళం వేసి లాగి చూసి, వీధి చివరిదాకా వచ్చి, మళ్ళీ వెళ్ళి లాగి వచ్చేవాడివి. అందుకే నాన్న దుకాణం తాళాలు నీ చేతిలో పెట్టాడు. "చిన్నషావుకారు సీసా మీద పేరు మూడుమాట్లు చదివి గానీ ఇయ్యడు" అని రైతులు చెప్పుకుంటుంటే ఆయన మీసం ఎట్లా లేస్తుందో నువ్వు చూడలేదు, నేను చూశాను. ఆ జాగ్రత్తే కాస్త తగ్గించుకో, అంతే. చేతులు ఒకసారి కడుక్కుని పిల్లని ఎత్తుకో.

మీ అక్క,
కృష్ణవేణి


వెల్దుర్తి,
19 సెప్టెంబర్ 2024

అక్కా,

గ్లౌజులు అందాయి. ఒక పూట చానా బాగుంది. తర్వాత వాటిని తీసేటప్పుడు బయటివైపు నా మణికట్టుకు తగిలిందేమో అనిపించింది. ఇప్పుడు గ్లౌజులు తీసిన చేతికి ఒక సబ్బు, ఆ సబ్బును ముట్టుకున్న చేతికి ఇంకో సబ్బు పెట్టుకున్నాను. ఒకసారి కడుక్కో అని రాశావు. ఒకసారి అంటే ఎంతసేపు?

ఇంకో గొడవ జరిగింది. మంగళవారం జ్ఞానయ్య అనే రైతు పత్తికి కొట్టడానికి సీసా తీసుకెళ్ళాడు. ఆయన అటు వెళ్ళగానే సీసా మీద పేరు చదివి ఇచ్చానా లేదా అని అనుమానం వచ్చింది. చదివాను. చదివినట్టు గుర్తుంది. అయినా బండి వేసుకుని ఆయన చేను దాకా వెళ్ళాను. అప్పటికే డ్రమ్ములో కలిపేశాడు. "ఆగు జ్ఞానయ్యా, సీసా చూపించు" అని గట్టు మీద నుంచే అరిచాను. చూస్తే సరైనదే. "ఏంది చిన్నషావుకారూ, ఏమయింది?" అన్నాడు. ఏమీ లేదని చెప్పాను. చెప్పి, ఇంట్లో ఇంకోసారి చదువుకుందామని ఆ ఖాళీ సీసా జేబులో పెట్టుకుని వచ్చేశాను.

నేను ఇటు రాగానే ఆయన డ్రమ్ము మొత్తం గట్టు మీద పారబోశాడట. సాయంత్రానికి సెంటర్లో నాన్న పేరు పెట్టి ఒకటే మాట, కామేశం కొట్లో నకిలీ సరుకు అమ్మి వాళ్ళే వెనక్కి పట్టుకుపోతున్నారని. మర్నాడు పొద్దున షట్టరు తీసేసరికి రైతులు సీసాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. నాన్న వాళ్ళందరికీ నచ్చజెప్పి పంపి, లోపలికి వచ్చి నా వైపు చూశాడు. "ఇన్నేళ్ళలో ఒక్కడూ నన్ను దొంగ అన్లేదురా" అన్నాడు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

మాచర్లలో రక్త పరీక్ష చేయించారు. ఒంట్లో ఏ విషమూ లేదని వచ్చింది. కానీ ఆ ల్యాబులో చానా రద్దీగా ఉంది. వేరేవాళ్ళ రక్తంతో మారిందేమో తెలియదు.

అక్కా, సంచి అమ్మ కుట్టింది అన్నావు. అమ్మ కుట్టినవి రెండు. రెండోది దుకాణంలో ఉండేది. నీకు ఇచ్చింది ఏది?

రవి


నరసరావుపేట,
24 సెప్టెంబర్ 2024

రవీ,

ఈసారి ఎగతాళి చేయను.

దీపకు ఫోన్ చేసి నీ చేతుల ఫొటో తెప్పించుకుని ఇక్కడి చర్మం డాక్టరుకు చూపించాను. ఆయన పెద్దది చేసి చూసి "ఇది తోలుకు వచ్చిన జబ్బు కాదమ్మా, చేతులు చేసుకుంటున్న పని. మనసు డాక్టరుకు చూపించండి" అన్నాడు. ఒక్క క్షణం ఆయన మీద కోపం వచ్చింది. మా తమ్ముడికి పిచ్చా అని అడగబోయి నోరు మూసుకున్నాను. ఇంటికి వచ్చి ఆలోచిస్తే, మంచి సీసా కోసం చేను దాకా పరుగెత్తడానికి ఏ ఆయింట్‌మెంటు రాయాలో నాకు తోచలేదు.

సోమవారం పొద్దున ఇక్కడ ఒక డాక్టరమ్మ దగ్గర నీకు టైము తీసుకున్నాను. నాన్నకు కంపెనీవాళ్ళ డీలర్ల మీటింగని చెప్పి రా. నిజం చెబితే ఆయన ముందు పడిపోతాడు.

నాకు ఇచ్చింది ఇంట్లోదే. రెండో సంచి చిరిగి ఏనాడో మసిగుడ్డ అయింది. ఒట్టు.

అక్క


వెల్దుర్తి,
3 అక్టోబర్ 2024

అక్కా,

మొన్న నువ్వు బయట బెంచీ మీద కూర్చున్నావు, నాకు బస్సు తొందర. లోపల జరిగింది సరిగ్గా చెప్పలేకపోయాను.

డాక్టరమ్మ నన్ను చానాసేపు మాట్లాడనిచ్చింది. తర్వాత దీని పేరు ఓసీడీ, అనుమానం తీరక అదే పని మళ్ళీ మళ్ళీ చేయించే మనసు జబ్బు అంది. తోలు పీక్కోవడం దీనితోపాటు కొందరికి వస్తుందట. "మీరు దీన్ని ఇన్నాళ్ళూ జాగ్రత్త అనుకున్నారు. మీవాళ్ళు మెచ్చుకున్నారు కూడా" అంది. నాకు ఏడుపొచ్చింది, ఎందుకో తెలియదు.

మొదలుపెట్టడానికి రెండు దారులున్నాయట. ఒకటి మాత్రలు. రోజూ వేసుకోవాలి, పని చేయడానికి వారాలు పడుతుంది, మొదట్లో వికారం, గాభరా ఉండొచ్చు. రెండోది గుంటూరులో ఒక మేడమ్ దగ్గర వారం వారం కౌన్సెలింగ్. దేనికి భయపడుతున్నానో దాన్ని కొంచెం కొంచెంగా ముట్టుకుని, కడుక్కోకుండా, ఎవరినీ అడక్కుండా కూర్చోవడం నేర్పుతారట. వేళ్ళు పీకబోయినప్పుడు వాటికి వేరే పని పెట్టడం కూడా నేర్పుతారట. రెండూ కలిపి చేసినా మంచిదేనంది. ఎటూ తేలకపోయేసరికి "దేనితో మొదలుపెట్టినా తప్పు లేదు. ఇంటికి వెళ్ళి ఆలోచించుకుని మీరే ఎంచుకోండి" అంది.

అక్కా, ఏదీ తేల్చుకోలేకపోవడమే నా జబ్బని ఆవిడే చెప్పి, మళ్ళీ నన్నే తేల్చుకోమంటోంది. కాలు విరిగినవాణ్ణి పరుగెత్తుకొచ్చి కట్టు కట్టించుకోమన్నట్టుంది. మాత్రలనుకుంటే అవి నన్ను మార్చేసి, పిల్ల ఏడ్చినా పట్టించుకోనివాడిగా చేస్తాయేమోనని భయం. గుంటూరనుకుంటే, పురుగుమందు డబ్బా ముట్టుకుని కడుక్కోకుండా కూర్చోవడం తలుచుకుంటేనే చెమటలు పడుతున్నాయి. పైగా మిరపకు మందులు కొట్టే రోజులు, కొట్టు వదిలి వారం వారం అంత దూరం ఎలా పోను?

ఇంటికి రాగానే నాన్న "మీటింగులో ఏం చెప్పారు? ఈ ఏడు స్కీములేంది?" అని అడిగాడు. రెండున్నాయి, ఏది తీసుకోవాలో తెలియడం లేదని చెప్పాను. "రెండూ తీసుకో, పోయేదేముంది" అని కొబ్బరిబోండం కొట్టుకొచ్చాడు.

నువ్వే చెప్పు. నువ్వు ఏది రాస్తే అది చేస్తాను.

రవి


నరసరావుపేట,
8 అక్టోబర్ 2024

రవీ,

మాత్రలు. ఇంట్లోనే వేసుకోవచ్చు, ప్రయాణం లేదు, ఎవరికీ తెలియదు. ఇంక ఆలోచించకు.

అక్క

ఇది అతికించబోతుంటే మీ బావగారు చూసి, మాత్రలు ఒకసారి మొదలుపెడితే జన్మంతా మింగాల్సిందే, మావాళ్ళలో ఒకాయన అట్లాగే మింగుతున్నాడు, కౌన్సెలింగే మంచిదని అన్నారు. అందుకని గుంటూరే వెళ్ళు. కార్లో తీసుకెళ్తానని ఆయనే అంటున్నారు.

మళ్ళీ నేనే. మా ఎదురింటి శేషారత్నంగారమ్మాయి నర్సు. డాక్టరు చెప్పినట్టు తగ్గిస్తూ మానేయొచ్చు, జన్మంతా ఏమీ ఉండదు అంటోంది. మరి మీ బావగారు చెప్పినాయన సంగతేంటో తెలియదు. నాకే తల తిరుగుతోంది. మాత్రలే అనుకో. లేదా నువ్వు ఒకసారి డాక్టరమ్మకు ఫోన్ చెయ్యి.


వెల్దుర్తి,
14 అక్టోబర్ 2024

అక్కా,

నీ ఉత్తరంలో ముందు మాత్రలు, తర్వాత గుంటూరు, చివర మాత్రలు అని ఉంది. చివర రాసిందే లెక్కా, లేక మొదట నీ అంతట నువ్వు రాసిందా? "అనుకో" అన్నావంటే నీకూ గట్టిగా లేదన్నమాట. గట్టిగా లేకుండా ఎందుకు రాశావు?

రోహిణికి డిసెంబరులో అన్నప్రాసన ముహూర్తం పెట్టించారు. నాన్న పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని "మా తల్లికి మొదటి ముద్ద నాయన చేత్తోనే" అన్నాడు. దీప నా చేతుల వైపు చూసింది. అన్ని వేళ్ళకీ బ్యాండేజీలే. అక్కా, ఈ వేళ్ళతో ఆ పిల్ల నోట్లో పాయసం ఎలా పెట్టను? పెట్టకపోతే అందరి ముందు ఏమని చెప్పను? ఈ భయం మిగతా భయాలన్నిటినీ మింగేసింది.

ఒక్క మాట గట్టిగా రాయి. మాత్రలా, గుంటూరా? నా వేళ్ళలో విషం లేదని కూడా రాయి. నువ్వు రాస్తే ఆ కాగితం దగ్గర పెట్టుకుంటాను.

రవి


నరసరావుపేట,
19 అక్టోబర్ 2024

రవీ,

ఇక్కడ అందరం బాగున్నాం. దీపావళి ముందు కదా, కొట్లో కుక్కర్లు బాగా పోతున్నాయి. మీ బావగారు పెద్ద ఇడ్లీ పాత్రలు తెప్పించారు, వద్దంటే వినలేదు, ఒక్కటీ కదల్లేదు. ఇప్పుడు మా ఇంట్లో మూడు పూటలా ఇడ్లీలే. మా పిల్లి పాలగిన్నెలో తల దూర్చి ఇరుక్కుంది, నేనూ శేషారత్నంగారూ కలిసి లాగాం.

నీ ప్రశ్నలకు జవాబు రాయడం లేదు.

అక్క


వెల్దుర్తి,
24 అక్టోబర్ 2024

కృష్ణవేణి గారికి,

ఇడ్లీ పాత్రల సంగతి తెలిసి సంతోషం. పిల్లి క్షేమమే కదా.

అమ్మ పోయినప్పటినుంచీ నాకు ఏ అనుమానం వచ్చినా నిన్నే అడిగాను. విసుక్కున్నా చెప్పేదానివి. ఇప్పుడు నాకు జబ్బుందని తేలాక నువ్వూ తలుపు వేసేశావు. పిచ్చివాడి ఉత్తరాలకు జవాబేంటని బావగారు అన్నారా? అననీ.

ఎవరూ చెప్పరు కాబట్టి నేనే చెబుతున్నాను. మాత్రలతో మొదలుపెడుతున్నాను. డాక్టరమ్మకు పొద్దున ఫోన్లో చెప్పేశాను. కుదురు చిక్కాక గుంటూరు కూడా వెళ్తానన్నాను. కారణాలు రాయను. రాస్తే వాటిని తూకం వేస్తూ ఇక్కడే కూర్చుంటాను. ఈ కవరు ఇప్పుడే డబ్బాలో వేస్తాను. వేశాక పోస్టుమాస్టరు కాళ్ళు పట్టుకున్నా వెనక్కి ఇవ్వడు, అడిగి చూశాను ఇదివరకే.

రవిచంద్ర


నరసరావుపేట,
29 అక్టోబర్ 2024

నా తమ్ముడు రవికి,

నన్ను గారూ అన్నావు కదరా. ఆ ఒక్క మాట దగ్గర కూర్చుని ఏడ్చాను. మీ బావగారు పాపం ఏమీ అనలేదు, ఆయన్ని తిట్టుకోకు.

జరిగింది విను. ఒక్క మాట గట్టిగా రాయి అన్న నీ ఉత్తరం అందిన రోజే నేను డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. మా తమ్ముడికి ఏం రాయమంటారని అడిగాను. నువ్వు రాసినవి చదివి వినిపించాను. ఆవిడ సంచి గురించి అడిగింది. మీరు ఇంట్లోదే అని చెప్పాక ఏమైంది అంది. రెండో సంచి అడిగాడన్నాను. "మీరు చెప్పే జవాబు అతనికి ఒక్క పూట హాయి. తెల్లారితే ఇంకో ప్రశ్న. ఆ జబ్బు మీ జవాబులే తిని బతుకుతోంది" అంది. రవీ, నేను ఇన్నాళ్ళూ నీకు అన్నం పెడుతున్నాననుకున్నాను.

జవాబులు మానేస్తున్నానని ముందు నీకు చెప్పి, ఎందుకో చెప్పి, ఇద్దరూ అనుకుని మానేయమంది. నేను అలా చేయలేదు. చెబితే నువ్వు బతిమాలతావు, నేను కరిగిపోతానని భయపడ్డాను. నీ వేళ్ళలో ఏ విషమూ లేదురా అని పెద్ద అక్షరాలతో ఒక కాగితం రాసి, చింపేసి, దాని బదులు పిల్లి సంగతి రాశాను. అంత కష్టమైన ఉత్తరం నేను జన్మలో రాయలేదు.

నీ అంతట నువ్వు ఎంచుకున్నావు. మంచిదా కాదా అని నేను చెప్పను. ఇకమీదట నువ్వు అలాంటివి అడిగితే నేను కొట్టు సంగతులే రాస్తాను. నీకు కోపం రావొచ్చు, గారూ అనొచ్చు. నేను రాస్తూనే ఉంటాను.

మీ అక్క


వెల్దుర్తి,
27 నవంబర్ 2024

అక్కా,

గారూ అన్నందుకు సిగ్గుగా ఉంది.

మొదటి వారాలు చానా చెడ్డగా గడిచాయి. వికారం, నిద్ర పట్టకపోవడం, గుండె దడ. ఎంచుకున్నది తప్పేమో అని రోజూ అనిపించింది. నీకు రాద్దామని కూర్చుని, రాస్తే ఇడ్లీ పాత్రల సంగతి వస్తుందని గుర్తొచ్చి లేచిపోయేవాణ్ణి. ఇప్పుడు కొంచెం నెమ్మది. అనుమానాలు పోలేదు. వస్తాయి, నిలబడి నా మొహం చూస్తాయి, కొన్నిసార్లు వాటంతట అవే వెళ్ళిపోతాయి. మాత్ర పనిచేస్తోందా, నేను అలా అనుకుంటున్నానా తెలియదు.

రెండు వారాలుగా గుంటూరు కూడా వెళ్తున్నాను. మేడమ్ నన్ను ఒక ఖాళీ సీసా ముట్టుకుని, ఆ చేత్తోనే నా చొక్కా గుండీలు పెట్టుకోమంది. పెట్టుకున్నాను. వేళ్ళు గోళ్ళ మీదికి పోబోతే పిడికిలి బిగించి పట్టుకోమంది. దుకాణంలో ఊరికే పిడికిలి బిగించి కూర్చుంటే ఒక రైతు "ఎవరి మీద చిన్నషావుకారూ?" అని భయపడి పోయాడు.

నాన్నకు తెలిసిపోయింది. మాత్రల అట్ట చూశాడు. దీప అన్నీ చెప్పింది. తర్వాత "పిచ్చి అనుకుంటారని చెప్పలేదా?" అని అడిగాడు. అవునన్నాను. "నేనే కదరా నిన్ను మూడుసార్లు చదువుతాడని ఊరంతా చెప్పుకున్నది" అన్నాడు. మర్నాడు జ్ఞానయ్య వస్తే "ఇకనుంచి మావాడు ఒక్కసారే చదివి ఇస్తాడు, ఇంకోసారి కావాలంటే నువ్వే చదువుకో" అని గట్టిగా చెప్పాడు. నేను ఒక్కసారే చదివి ఇచ్చాను. ఆయన వెళ్ళాక బండి తాళాలు నాన్న చేతిలో పెట్టి కూర్చున్నాను.

అన్నప్రాసన పదకొండో తారీకు. నువ్వు వస్తావు కదా? ఇది మామూలు ప్రశ్నే. దీనికి జవాబు రాయొచ్చు.

రవి


నరసరావుపేట,
3 డిసెంబర్ 2024

రవీ,

రాలేనురా. మా అత్తగారు జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషను అయింది, మంచం దిగలేదు. నాకు ఏడుపు ముంచుకొస్తోంది, కానీ ఆవిణ్ణి వదిలి రాలేను. పిల్లకు వెండి గిన్నె కృష్ణయ్యతో పంపుతున్నాను. మా కొట్లోది కాదు, నవ్వకు.

బెంగగా ఉంటే ఉండనీ. నేను ఫోన్ చేయను. చేస్తే నువ్వు అడుగుతావు, నేను చెప్పేస్తాను. ఇద్దరం చెడతాం.

అక్క


వెల్దుర్తి,
12 డిసెంబర్ 2024

అక్కా,

నిన్న అయింది.

పొద్దున నుంచీ ఏం ముట్టుకున్నానో లెక్క పెట్టుకోకూడదని పిడికిలి బిగించుకునే తిరిగాను. పురోహితుడు ఉంగరం పాయసంలో ముంచి దానితో పిల్ల నాలుక మీద రాస్తే చాలన్నాడు. నాన్న "ఉంగరంతో పెట్టరా, అదీ ఆచారమే" అని నాకు దారి చూపించాడు. దీప పిల్లను నా ఒళ్ళో పెట్టి పక్కన కూర్చుంది. ఇన్ని నెలల తర్వాత రోహిణి నా ఒళ్ళో ఉంది. ఎంత బరువయిందో నాకు తెలియనే తెలియదు.

ఉంగరం పక్కన పెట్టేసి వేలు ముంచాను. కుడిచేతి వేలు, ఎక్కువ పీకినది. తోలు ఇంకా గులాబీ రంగులోనే ఉంది. నీ వెండి గిన్నె అంచుకు ఆ వేలు ఆనించి, కారే పాయసం రాల్చాను. నోట్లో పెట్టాను. అది చప్పరించి, ఆ వేలును రెండు చేతులతో పట్టుకుని చిగుళ్ళతో కొరికింది. వదల్లేదు అక్కా. లాగబోతే ఏడ్చింది. నాన్న కళ్ళు తుడుచుకున్నాడు. దీప నా భుజం మీద చెయ్యి వేసింది.

సాయంత్రం పిల్ల కాస్త పాలు కక్కింది. దీప మామూలేనంది, తుడిచి పడుకోబెట్టింది. అప్పటినుంచీ నా దగ్గర నిన్ను అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉంది. ఏమిటో నీకు తెలుసు. ఆ ప్రశ్న రాత్రంతా నా పక్కనే పడుకుంది, పొద్దున నాతోపాటే లేచింది. ఇప్పుడు ఈ బల్ల మీద కూర్చుని ఉంది.

అడగడం లేదు.

అత్తగారు ఎలా ఉన్నారో, ఇడ్లీ పాత్రలు కదిలాయో లేదో రాయి. ఈ ఉత్తరం మళ్ళీ చదవలేదు. తప్పులుంటే ఉంటాయి. రోహిణి లేచినట్టుంది, ఎత్తుకోవాలి.

నీ తమ్ముడు,
రవి